బడి మైదానం నుంచి కాలేజీ జట్టుకు: అమెరికా ఊరి పత్రికలు రాసే ఒక వార్త

అమెరికాలో చిన్న పట్టణాల పత్రికలు తిరగేస్తే నవంబరు, డిసెంబరు నెలల్లో, మళ్ళీ ఫిబ్రవరిలో ఆటల పేజీ నిండా ఒకే తరహా ఫొటోలు కనిపిస్తాయి. బడి జిమ్‌లోనో లైబ్రరీలోనో పొడవాటి బల్ల, దాని మీద ఏదో కాలేజీ రంగుల గుడ్డ, పక్కన ఆ కాలేజీ టోపీ, ఎదురుగా ఒక కాగితం. కలం పట్టుకుని కూర్చున్నది హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న అబ్బాయో అమ్మాయో. అటూ ఇటూ అమ్మానాన్నలు, వెనక కోచ్, ఎందుకు నిలబెట్టారో అర్థంకాని తమ్ముడు. కింద నాలుగు వాక్యాలు: ఫలానా బడి వాలీబాల్ అమ్మాయి ఫలానా కాలేజీ జట్టులో చేరబోతోంది, ఈ ఏడు ఆమె జట్టు ఇన్ని పోటీలు గెలిచింది, కాలేజీలో నర్సింగ్ చదవాలనుకుంటోంది. అక్కడివాళ్ళు దీన్ని ‘కమిట్‌మెంట్’ వార్త అంటారు.

తెలుగు పాఠకులకు దీన్ని చూడగానే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ఫలితాల మర్నాడు కార్పొరేట్ కాలేజీలు వేయించే ర్యాంకుల పేజీ గుర్తుకొస్తుంది. పిల్లల ఫొటోలు అందులోనూ ఉంటాయి, ఇందులోనూ ఉంటాయి. అయితే అది కాలేజీ డబ్బు కట్టి వేయించుకునే ప్రకటన. ఇది పత్రిక తన విలేకరి చేత రాయించే వార్త. అందులో తప్పు దొర్లితే జవాబు చెప్పుకోవలసింది పత్రికే. నాలుగు వాక్యాల వార్తలో తప్పు దొర్లడానికి ఏముందని అనిపించవచ్చు. చాలానే ఉంది. అది తెలియాలంటే ముందు ఆ దేశపు కాలేజీ ఆటల ఏర్పాటు కొంత తెలియాలి.

మన దేశంలో ఆటగాళ్ళు ఎదిగేది అకాడమీల్లో, క్రీడా హాస్టళ్ళలో, రైల్వే, పోలీసు వంటి సంస్థల జట్లలో. అమెరికాలో ఆ పనిలో పెద్ద భాగం కాలేజీలదే. వీటిలో పేరున్నవాటి ఆటలను నడిపించే సంఘం ఎన్‌సీఏఏ. 1906లో పుట్టిన ఈ సంఘంలో ఇప్పుడు సుమారు 1,100 కాలేజీలున్నాయి. 1973లో వాటిని మూడు డివిజన్లుగా విడదీశారు. మొదటి రెండు డివిజన్ల కాలేజీలు ఆటను చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. మూడో డివిజన్ కాలేజీలు ఇవ్వకూడదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది విద్యాసంస్థల ఐవీ లీగ్ మొదటి డివిజన్‌లోనే ఉన్నా ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వదు. ఇవి గాక ఎన్ఏఐఏ అనే వేరే సంఘం, రెండేళ్ళ కాలేజీల సంఘం కూడా ఉన్నాయి.

హైస్కూలు జట్లలో ఆడేవారి లెక్క ఏటా 80 లక్షల దాకా ఉంటుంది. ఒకే పిల్ల రెండాటలు ఆడితే ఈ లెక్కలో రెండుసార్లు చేరుతుంది, అది వేరే సంగతి. వీరిలో ఎన్‌సీఏఏ జట్లలోకి వెళ్ళేది దాదాపు 7 శాతం. మొదటి డివిజన్ దాకా చేరేది 2 శాతం. కాలేజీ ఫీజులు ఇళ్ళు తాకట్టు పెట్టించే దేశంలో, ఆటతో సీటు, దానితోపాటు కొంత ఫీజు మినహాయింపు వస్తే అది ఒక్క ఇంటి సంతోషంగా ఆగదు. ఊళ్ళో శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ చూడటానికి వచ్చే జనమంతా ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళే. ఊరి పత్రిక ఆ వార్త వేయకపోతే మర్నాడు సంపాదకుడికి ఫోన్లు వస్తాయి.

విలేకరి మొదట తెలుసుకోవలసింది ఆ పిల్లో పిల్లవాడో ఏ మెట్టు మీద ఉన్నారన్నది. మొదటిది ఆఫర్. ‘మా జట్టులోకి వస్తే స్కాలర్‌షిప్ ఇస్తాం’ అని కాలేజీ కోచ్ నోటిమాటగా చెప్పడం. దీనికి గట్టి విలువ లేదు. ఉన్న చోట్ల కన్నా ఎక్కువ మందికి కోచ్‌లు ఆఫర్లు ఇస్తారు, తర్వాత వెనక్కి తీసుకుంటారు కూడా. రెండోది నోటి ఒప్పుకోలు. ‘నేను ఫలానా కాలేజీకే వెళ్తాను’ అని ఆటగాడు ప్రకటిస్తాడు. ఇదీ ఇరుపక్షాలనూ కట్టిపడేయదు. మూడోది సంతకం. కాగితం మీద పేరు పడ్డాకే అది బాధ్యత అవుతుంది. మూడు మెట్లకూ మూడు వేర్వేరు క్రియలు వాడాలని అక్కడి ఆటల డెస్కుల్లో కొత్తవారికి చెబుతారు. పని ఒత్తిడిలో మాత్రం ఆఫర్ వచ్చినవాడు ఒప్పుకున్నవాడవుతాడు, ఒప్పుకున్నవాడు సంతకం చేసినవాడవుతాడు.

ఆ సంతకం పడే కాగితానికే ఒక చరిత్ర ఉంది. 1964లో ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అనే ఉమ్మడి పత్రం మొదలైంది. అంతకుముందు కోచ్‌లు ఒకరి ఆటగాళ్ళను మరొకరు చివరి నిమిషం దాకా ఎగరేసుకుపోయేవారు. పత్రం మీద సంతకం పడితే మిగతా కాలేజీలు ఆ ఆటగాడి వెంట పడటం ఆపాల్సి వచ్చేది. ఆటగాడు కనీసం ఒక ఏడాది ఆ కాలేజీలో చదవాల్సి వచ్చేది, కాలేజీ ఆ ఏడాదికి ఆర్థిక సాయం ఇవ్వాల్సి వచ్చేది. ఆటగాడు చిన్నవాడైతే తల్లిదండ్రుల సంతకం కూడా ఉండాల్సి వచ్చేది. ఫుట్‌బాల్‌కు ఫిబ్రవరి మొదటి బుధవారం సంతకాల రోజుగా స్థిరపడింది. ఆ రోజు పొద్దున్నే కోచ్‌లు ఫ్యాక్స్ యంత్రం చుట్టూ చేరి ఏ బడి నుంచి కాగితం వస్తుందా అని కాచుకోవడం ఏళ్ళ తరబడి నడిచిన తంతు. 2017 నుంచి ఫుట్‌బాల్‌కు డిసెంబరులో ముందస్తు సంతకాల గడువు కూడా పెట్టారు. పెద్ద జట్లకు చాలా సంతకాలు అప్పుడే పూర్తవుతున్నందున ఫిబ్రవరి సందడి తగ్గింది. చాలా ఇతర ఆటలకు సంతకాలు నవంబరు రెండో బుధవారం మొదలవుతాయి. ఊరి పత్రికలో ఫొటోల వరద ఆ వారంలోనే.

2024 అక్టోబరులో ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ ఆ పాత పత్రాన్ని రద్దు చేసింది. ఇప్పుడు ఆటగాడు సంతకం పెట్టేది నేరుగా కాలేజీతో చేసుకునే ఆర్థిక సాయ ఒప్పందం మీద. బల్లా టోపీ ఫొటో మాత్రం ఏమీ మారలేదు. అరవై ఏళ్ళ అలవాటు వల్ల ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్ మీద సంతకం’ అన్న వాక్యం కలం నుంచి దానంతటదే జారే ప్రమాదం మాత్రం మిగిలింది.

ఇంతకీ కబురు పత్రికకు ఎలా చేరుతుంది? ఒకప్పుడు బడి కోచ్ ఫోను చేసేవాడు. లేదా ఊళ్ళో ఆట చూస్తూ విలేకరే ఆరా తీసేవాడు. ఇప్పుడు చాలావరకు ఆటగాళ్ళే సోషల్ మీడియాలో ముందు చెప్పేస్తున్నారు. కాలేజీ జెర్సీ వేసుకున్న గ్రాఫిక్, దేవుడికీ తల్లిదండ్రులకూ కోచ్‌లకూ కృతజ్ఞతలు, చివర ‘నూటికి నూరుపాళ్ళు కమిటెడ్’ అన్న మాట. వందలాది పోస్టులు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. విలేకరి పని అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ఖాతా నిజంగా ఆ పిల్లదేనా, బడి కోచ్ ఏమంటున్నాడు, ఇంట్లోవాళ్ళకు తెలుసా అని కనుక్కోవాలి. అడిగి నిర్ధారించుకోవడానికి అందరికంటే తగినవాడు కాలేజీ కోచ్. కానీ సంతకం కాకముందు ఫలానా ఆటగాడిని పిలుస్తున్నామా లేదా అన్నదానికి మించి బయట మాట్లాడటానికి ఎన్‌సీఏఏ నియమాలు అతన్ని అనుమతించవు. 2016లో ఆ నియమాన్ని సడలించి, ఆటగాడి పోస్టుకు లైక్ కొట్టడానికీ దాన్ని పంచుకోవడానికీ అనుమతించారు. తన మాటగా ఏదైనా రాయడానికి మాత్రం వీల్లేదు. అంటే వార్త చాలావరకు ఒక పక్షం చెప్పినదాని మీదే నిలబడుతుంది.

ఒక పక్షం మాటే నమ్మితే ఏమవుతుందో 2008 ఫిబ్రవరిలో నెవాడా రాష్ట్రంలోని ఫెర్న్‌లీ అనే చిన్న పట్టణంలో తెలిసింది. అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడు జిమ్‌లో బడినంతా కూర్చోబెట్టుకుని, తనను ఆరెగన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు రెండూ పిలిచాయనీ, తాను కాలిఫోర్నియాను ఎంచుకున్నాననీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. పత్రికలూ టీవీలూ వార్త వేశాయి. ఆ తర్వాత తేలిందేమిటంటే రెండు విశ్వవిద్యాలయాలూ అతన్ని పిలవనేలేదు. కొద్ది రోజులకు అదంతా తన కల్పనేనని ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. బడి, కోచ్, పత్రికలు, అందరూ ఒక పిల్లవాడి కోరికను వార్తగా స్వీకరించారు. ఆ కుర్రాడి పేరు ఇప్పుడు మళ్ళీ తవ్వి తీయనక్కరలేదు. కాలేజీ ఆటల విభాగానికి ఒక ఫోను చేసి, ఈ ఆటగాడిని మీరు పిలిచిన మాట నిజమేనా అని అడగడానికి నియమాలేవీ అడ్డురావు. ఎందుకంటే పిలుస్తున్నామనో లేదనో చెప్పేందుకు వాళ్ళకు వీలుంది. ఆ ఒక్క ఫోను సంగతే ఈ ఉదంతం చెబుతుంది.

పాఠకులు ఎక్కువగా పొరబడేది మాత్రం డబ్బు విషయంలో. ‘స్కాలర్‌షిప్ మీద వెళ్తోంది’ అని పత్రికలో పడితే ఊరు మొత్తం ఫీజంతా మాఫీ అయిందనుకుంటుంది. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌లో అది చాలాకాలం నిజమే. ఒక్కో జట్టుకు 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి. బాస్కెట్‌బాల్‌లో మగవారి జట్టుకు 13, ఆడవారి జట్టుకు 15. బేస్‌బాల్ కథ వేరు. ముప్పైమందికి పైగా ఉండే జట్టుకు మొదటి డివిజన్‌లో ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులే. వాటిని ముక్కలు చేసి పంచేవారు. ఒకడికి సగం, ఇంకొకడికి పావు, మరొకడికి పుస్తకాల ఖర్చు. కుస్తీ, మగవారి సాకర్‌లకు 9.9 చొప్పున. కాబట్టి బేస్‌బాల్ కుర్రాడు స్కాలర్‌షిప్‌తో వెళ్తున్నాడంటే అమ్మానాన్నలు ఏటా వేలాది డాలర్లు కడుతూనే ఉండవచ్చు.

మూడో డివిజన్‌కు వెళ్ళే పిల్లల విషయంలో ఈ పొరపాటు ఇంకా పెద్దది. అక్కడ ఆట స్కాలర్‌షిప్పే లేదు. చదువును బట్టీ, ఇంటి ఆదాయాన్ని బట్టీ ఇచ్చే సాయం ఉంటుంది. అయినా బల్ల దగ్గర కూర్చోవాలన్న ముచ్చట ఆ పిల్లలకూ ఉంటుంది గనక, ఏ బాధ్యతా లేని ఒక వేడుక పత్రం మీద సంతకం చేయడానికి ఎన్‌సీఏఏ వారికి అనుమతి ఇచ్చింది. ఫొటోలో ఆ కాగితానికీ మొదటి డివిజన్ ఒప్పందానికీ తేడా తెలియదు. తేడా చెప్పవలసింది కింద ఉండే వాక్యమే. చాలా పత్రికలు ఆ వాక్యం రాయవు. తల్లిదండ్రులను ఎంత వస్తుందని అడగడం మర్యాద కాదనిపిస్తుంది. పిల్లల ఆర్థిక సాయం వివరాలను 1974 నాటి విద్యా గోప్యత చట్టం కాపాడుతుంది గనక కాలేజీని అడిగి ప్రయోజనం లేదు. మర్యాద పాటించడంలో తప్పులేదు. అయితే అంకె చెప్పకపోయినా ఆ కాలేజీ ఏ డివిజన్‌దో, అక్కడ ఆట స్కాలర్‌షిప్ ఉందో లేదో ఒక్క మాటలో చెప్పవచ్చు.

ఈ లెక్కలు కూడా ఇప్పుడు తారుమారవుతున్నాయి. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరూ బొమ్మా ప్రచారానికి ఇచ్చి డబ్బు సంపాదించుకునే వీలు వచ్చింది. 2025 జూన్‌లో ఒక కోర్టు రాజీతో కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లించవచ్చని తేలింది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి గరిష్ఠం దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ రాజీలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో ఇంతమందే ఉండాలన్న పరిమితి వచ్చింది. ఫుట్‌బాల్‌కు 105, బేస్‌బాల్‌కు 34. ఊరి విలేకరికి ఇకమీదట ‘ఎంత స్కాలర్‌షిప్’ అనే ప్రశ్నకు తోడు ‘ఎంత చెల్లింపు’ అన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది. అడగడం మునుపటికన్నా ఇబ్బంది.

వయసు మరో చిక్కు. 2010 ఫిబ్రవరిలో డెలవేర్ రాష్ట్రానికి చెందిన డేవిడ్ సిల్స్ అనే పదమూడేళ్ళ కుర్రాడు సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా వస్తానని మాట ఇచ్చాడు. అప్పటికి అతను ఏడో తరగతి. దేశమంతా వార్తయింది. చివరికి అతను వెళ్ళింది వెస్ట్ వర్జీనియాకు. అక్కడ బంతి విసరడం మాని పట్టుకునే స్థానంలో పేరు తెచ్చుకుని, తర్వాత వృత్తి ఫుట్‌బాల్‌లోకి కూడా వెళ్ళాడు. లక్రాస్, సాఫ్ట్‌బాల్ వంటి ఆటల్లో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు మాట ఇవ్వడం చాలాకాలం మామూలు విషయంగా సాగింది. ఆ తర్వాత నియమాలు బిగించారు. లక్రాస్‌లో 2017లోనూ, అనేక ఇతర ఆటల్లో 2019లోనూ కోచ్‌లు పిల్లలతో మాట్లాడటానికి కనీస గడువు పెట్టారు. ఆ గడువు ఆటను బట్టి హైస్కూలు రెండో ఏడాది తర్వాతి జూన్ 15 నుంచో, మూడో ఏడాది సెప్టెంబరు 1 నుంచో మొదలవుతుంది. అయినా పద్నాలుగేళ్ళ పిల్ల ‘ఆఫర్ వచ్చింది’ అని పోస్టు పెడితే ఊరి పత్రిక ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంది. కొన్ని డెస్కులు సంతకం దాకా ఆగుతాయి, కొన్ని నోటిమాట దగ్గరే రాస్తాయి. ఆగడమే మేలు. పద్నాలుగేళ్ళప్పుడు అచ్చయిన పేరు ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, మాట మాత్రం ఉండదు.

మాట మారడం పెద్దవారిలోనూ మామూలే. జార్జియాలోని సువానీ పట్టణానికి దగ్గర కాలిన్స్ హిల్ హైస్కూలు ఆటగాడు ట్రావిస్ హంటర్ 2020 మార్చి నుంచి ఫ్లోరిడా స్టేట్‌కు మాట ఇచ్చి ఉన్నాడు. 2021 డిసెంబరు 15న, సంతకాల రోజునే, మాట మార్చి మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌కు సంతకం చేశాడు. చారిత్రకంగా నల్లజాతి వారి కోసం ఏర్పడిన కాలేజీ అది. దేశంలో అగ్రశ్రేణి ఆటగాడిగా లెక్కకు వచ్చినవాడు అలాంటి చోటికి వెళ్ళడం పెద్ద సంచలనమైంది. తర్వాత అక్కడి కోచ్ వెంట కొలరాడోకు మారి 2024లో, కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. దాదాపు రెండేళ్ళుగా ‘ఫ్లోరిడా స్టేట్ కమిట్’ అని అతని పేరు పక్కన రాస్తూ వచ్చిన ప్రతి పత్రికా ఆ ఒక్క పూటలో మాట సవరించుకోవలసి వచ్చింది.

ఎవరి వార్త పెద్దదిగా పడుతుందన్నదానిలో పత్రిక రుచి కన్నా ఇతరుల రేటింగులే ఎక్కువ పనిచేస్తాయి. రైవల్స్, 247స్పోర్ట్స్ వంటి సంస్థలు హైస్కూలు ఆటగాళ్ళకు చుక్కలు కట్టి ర్యాంకులు ఇస్తాయి. అయిదు చుక్కల ఫుట్‌బాల్ కుర్రాడికి ప్రత్యేక కథనం, చుక్కలు లేని ఈతగత్తెకు రెండు వాక్యాలు. ఆడపిల్లల ఆటలకు 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కాలేజీల్లో చోటు పెంచింది గాని ఊరి పత్రికలో అదే కొలతన చోటు పెరగలేదు. మరో తిరకాసు ఉంది. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ వంటి ఆటల్లో కాలేజీ కోచ్‌లు చూసేది బడి జట్టును కాదు, పిల్లలు డబ్బు కట్టి ఆడే క్లబ్ జట్లను. ఊరి విలేకరికి పరిచయం బడి కోచ్‌తో. అందువల్ల అసలు కథ జరిగిన చోటు పత్రికకు కనపడదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో వంటి పట్టణాల్లో, న్యూజెర్సీ శివార్లలో స్థిరపడిన తెలుగువారికి ఈ వార్తలు కొత్త కాదు. టెన్నిస్, గోల్ఫ్, ఈత వంటి ఆటల్లో పిల్లలను తిప్పే ఇళ్ళల్లో కాలేజీ సీటు మీద ఆశ ఎప్పుడూ ఉంటుంది. స్కాలర్‌షిప్ ఇవ్వని పెద్ద పేరున్న కాలేజీలో కూడా కోచ్ జాబితాలో పేరుంటే ప్రవేశం సులువవుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ దారి ఎంత విలువైనదో 2019 మార్చిలో బయటపడింది. ఆడని ఆటల్లో పిల్లలను ఆటగాళ్ళుగా చూపించి, లంచాలిచ్చి సీట్లు కొన్న తల్లిదండ్రులను ఎఫ్‌బీఐ పట్టుకున్నప్పుడు.

ఇవన్నీ విచారించి రాయడానికి మనుషులు కావాలి. 2005 నుంచి అమెరికాలో మూడింట ఒక వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఒక్క ఆటల విలేకరి పదీ ఇరవై బడులను చూసుకోవడం సాధారణం. అందుకే చాలా పత్రికలు ఇప్పుడు బడులకూ తల్లిదండ్రులకూ ఒక ఫారం ఇచ్చి, పేరు, ఆట, కాలేజీ, ఫొటో పంపమంటున్నాయి. వచ్చినవి వచ్చినట్టు జాబితాగా వేస్తున్నాయి. యంత్రాల మీద ఆశ కూడా పెట్టుకున్నారు. 2023 ఆగస్టులో గానెట్ సంస్థకు చెందిన కొలంబస్ డిస్పాచ్ పత్రికలో హైస్కూలు ఆటల ఫలితాలను కృత్రిమ మేధ చేత రాయించినప్పుడు, జట్టు మారుపేరు ఉండవలసిన చోట పూరించని గుర్తులు అచ్చయ్యాయి. నవ్వులపాలై దాన్ని నిలిపేశారు. అవి మ్యాచ్ వార్తలే. ఒక పదిహేడేళ్ళ పిల్ల ఏ కాలేజీని ఎందుకు ఎంచుకుందో అడిగి తెలుసుకునే పని యంత్రానికి అసలే చేతకాదు.

ఈ వార్తలన్నింటిలో పెద్ద లోటు తర్వాతి కథ లేకపోవడం. 2018 అక్టోబరులో ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది. 2024 నుంచి ఆటగాళ్ళు చదువు నియమాలు నిలబెట్టుకుంటే ఎన్నిసార్లైనా కాలేజీ మారి వెంటనే ఆడవచ్చు. కోచ్‌లు కూడా అనుభవం లేని బడి పిల్లలకన్నా వేరే కాలేజీ నుంచి వచ్చే ఇరవై ఏళ్ళవారినే ఇష్టపడుతున్నారు. అంటే సంతకం చేసిన పిల్లల్లో చాలామంది రెండేళ్ళలో వేరేచోట ఉంటారు. గాయాలతోనో విసుగుతోనో ఆట మానేసేవారు కొందరు, డిగ్రీ చేతికి తీసుకునేవారు కొందరు. నవంబరులో వేసిన జాబితా పత్రిక దగ్గరే ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత అందులోని పేర్లకు ఫోను చేసి ఎవరెక్కడున్నారో రాసే ఊరి పత్రికలు చాలా తక్కువ. వేడుక ఫొటోల కన్నా అలాంటి ఒక్క కథనమే ఆ ఊళ్ళో మర్నాడు సంతకం చేయబోయే ఇంటికి ఎక్కువ పనికొస్తుంది.